బండ వాటం

కర్నూలు మూడేళ్లు రాజధానిగా వెలిగిన రోజుల్లో అక్కడికి వచ్చినవన్నీ తాత్కాలికంగానే వచ్చాయి. గుడారాలు తాత్కాలికం, కచేరీలు తాత్కాలికం, మంత్రులు అందరికంటే తాత్కాలికం. అందువల్ల ఆ కచేరీలలో ఒకదానికి నీళ్లు మోసే పనికి కుదిరిన రాహేలమ్మ కాగితాల మీద "తాత్కాలికం" అని రాసినప్పుడు ఎవరికీ వింత అనిపించలేదు. ఆరు నెలలకొకసారి ఆ మాటను కొత్త సిరాతో తిరగరాసేవారు. యాభై ఆరులో రాజధాని హైదరాబాదుకు తరలింది. గుడారాలు మడిచారు, దస్త్రాలు లారీలెక్కాయి. మోయడానికి బరువైనవీ, తమవని ఎవరూ చెప్పుకోనివీ మాత్రం వెనక మిగిలాయి: ఒక పాత రాతి భవనం, అందులో ఒక కార్యదర్శిగారి టేకు బల్ల, నీళ్ల కుండ పక్కన రాహేలమ్మ.

ఖాళీ భవనం కనిపిస్తే సర్కారుకు నిద్ర పట్టదు. ఏడాది తిరిగేలోగా గుమ్మం మీద "క్రిమి పరీక్షా కేంద్రం" అన్న పేరు వెలిసింది. పాత శాఖ పేరును సున్నంతో చెరిపి దానిమీదే కొత్త పేరు రాశారు గనక, ఎండ బాగా కాసిన పూట క్రిముల వెనక నుంచి "రెవెన్యూ" అన్న మాట తొంగిచూసేది.

కుండతోపాటు రాహేలమ్మ కూడా కొత్త శాఖకు సంక్రమించింది. ఇక్కడ ఆమె పని క్రిములకు వంట చేయడం. కాగితాల్లో దాని పేరు "మాధ్యమం తయారీ". వేటమాంసం ఉడకబెట్టి రసం తీయాలి. ఆ రసంలో సముద్రపు నాచుతో చేసిన అగరు పొడి కలపాలి. ఆవిరి డబ్బాలో పెట్టి, అందులో ఉన్న కంటికి కనబడని ప్రాణులన్నీ చచ్చేదాకా ఉడికించాలి. చేయి తాళే వేడికి దిగాక, మూతలున్న గాజు పళ్లేలలో పలుచగా పోయాలి. చల్లారితే అది జున్నులా గడ్డకడుతుంది. రోగుల పుండ్లలోంచి తెచ్చిన క్రిములను దానిమీద పూస్తే, మరునాటికి వాన పడిన చేనులా మొలుస్తాయి. నడుమ మందులో తడిపిన కాగితపు బిళ్లలు పెడితే, మందు ఎంత మేర పారిందో అంత మేర క్రిములు మొలవవు. బిళ్ల చుట్టూ ఖాళీ వలయం మిగులుతుంది. కేంద్రానికి అధికారి అయిన డాక్టరుగారు దాన్ని "నిరోధ వలయం" అనేవారు. రాహేలమ్మ "గుడి" అనేది. చందమామ చుట్టూ కట్టే వరదగుడిని చూసి వాన సంగతి చెప్పే ఊళ్లో పుట్టిన మనిషి ఆమె. దూరం గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరం వాన. ఆ లెక్కన పెద్ద గుడి కట్టిన మందే పనిచేసే మందని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

ఈ వంటకు మడి ఎక్కువ. మూత తీసిన పళ్లెం మీద మాట్లాడకూడదు, తుమ్మకూడదు, కుప్పె మూతిని మంటకు చూపించకుండా పోయకూడదు. పెద్ద సహాయకుడు మహానంది మొదటి రోజే హెచ్చరించాడు: "ఇది మా ఇండ్లల్లో మడి మాదిరి రాహేలమ్మా. నీకు అర్థమయ్యేది కాదులే." అలా అన్నవాడు రెండో వారంలోనే, మూత తీసిన పళ్లేల మీదికి వంగి వాస్తును గురించి ఉపన్యసించి, మూడు రోజుల పనిని బూజు పట్టించాడు. అప్పటినుంచి వంటగది గడప దాటి ఎవరూ లోపలికి పోరాదని డాక్టరుగారు ఉత్తర్వు వేశారు. ఊళ్లో ఆమె తాకితే మైలపడే నీళ్లు, ఆ గదిలో ఆమె తప్ప ఎవరు తాకినా మైలపడేవి. ఈ సంగతిని రాహేలమ్మ ఎవరితోనూ అనలేదు. మహానంది కూడా అనలేదు. కారణాలు వేరు.

యాభై ఎనిమిదిలో దసరాకు నెల ముందు హైదరాబాదు నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. తాత్కాలిక సిబ్బందిలో పై అధికారి సిఫారసు చేసినవారిని ఖాయం చేస్తారు. చేయనివారిని డిసెంబరు ముప్పై ఒకటితో ఇంటికి పంపుతారు. రాహేలమ్మను పంపితే ఆ ఇంట్లో ఇక పనికి పోగలిగినవారు లేరు. ఆమె భర్త ఏసేపు బేతంచర్ల గనుల్లో ఇరవై ఏళ్లు బండలు చీల్చి, ఆ దుమ్మంతా రొమ్ములో నింపుకుని ఇల్లు చేరాడు. ఇప్పుడతని చేతనయ్యే పనులు రెండే: దగ్గడం, ఎగతాళి చేయడం.

"పదిసార్లు రాసినారు గదమ్మే, తాత్కాలికం తాత్కాలికం అని," అన్నాడు ఆ ఉత్తర్వు సంగతి విని. "వాళ్లకు ఆ మాట ఒగటే రాసేది వచ్చేమో."

"ఈసారి వేరే మాట రాస్తారంట. అంతా డాక్టరు సారు చేతిలో ఉండాది."

"సారు చేతిలో ఉండాదా? అయితే ఆయప్ప రెండో చేతిలో ఏముండాదో చూసుకో."

డాక్టర్ కంబగిరి రెడ్డి రెండో చేతిలో ఒక పరిశోధన పత్రం ఉంది. ఆయన కోయిలకుంట్ల వైపు పెద్ద రైతుల ఇంటివాడు. ఆ వంశంలో వ్యాజ్యం ఓడినవాడు లేడని పేరు. తీర్పు ముందు రాసుకుని సాక్షులను తర్వాత వెతుక్కోవడం వారికి తాతల నాటి పద్ధతి. మద్రాసులో ఆరేళ్లు చదివిన వైద్యం దానికి కొంత మెరుగు పెట్టింది. ఆయన పరీక్షకు తీసుకున్నవి ఒకే కుదుట్లో పుట్టిన మూడు మందులు. మూడూ పచ్చనివే. పుట్టిన వరుసన క్లోర్‌టెట్రాసైక్లిన్, ఆక్సీటెట్రాసైక్లిన్, టెట్రాసైక్లిన్. ఈ పేర్లకు నోరు తిరగక రాహేలమ్మ పెద్దది, నడిపిది, చిన్నది అనేది. నెల తిరక్కుండానే మహానంది, తర్వాత డాక్టరుగారు కూడా అలాగే అనసాగారు.

చిన్నదే గట్టిదని డాక్టరుగారి నమ్మకం. డిసెంబరు చివర హైదరాబాదులో జరిగే వైద్యుల సభకు ఆ మేరకు సారాంశం జులైలోనే అచ్చుకు పోయింది. ఇక మిగిలింది ప్రయోగం చేయడమే.

ప్రయోగానికి బల్ల కావలసి వచ్చింది. కార్యదర్శిగారి టేకు బల్ల ఏ తలుపులోనూ పట్టక వంటగదిలోనే ఉండిపోయి ఖాళీ సీసాలు మోస్తున్నది. ఆమ్లాలు పడినా చెడని రాతి బల్ల వేయించాలని డాక్టరుగారు సుంకప్పను పిలిపించారు. సుంకప్ప ఏసేపుకు జతగాడు. గనిలో బండ చీల్చేది ఏసేపయితే ఇళ్లలో దాన్ని పరిచేది సుంకప్ప. ముప్పై ఏళ్లలో అతను పరిచిన బండలన్నీ వంటిళ్లలో, జలకాల గదుల్లో, వసారాలలో ఉన్నాయి. అతని శాస్త్రం చిన్నది: బండ మీద నీళ్లు పడతాయి, పడిన నీళ్లు పారాలి, పారితే ఈశాన్యానికే పారాలి. నిగనిగలాడే నల్లని కడపబండను గజానికి వేలెడు వాటంతో కూర్చి, చెంబెడు నీళ్లు పోసి, అవి ఈశాన్యపు మూలకు జారిపోవడం చూసుకుని, ఆ మూల కింద ఒక బొక్కెన పెట్టించి వెళ్లిపోయాడు. వాటం ఇచ్చిన సంగతి ఎవరికీ చెప్పలేదు. కూరలో ఉప్పు వేశానని ఏ ఇల్లాలూ చెప్పదు.

ఆ బండ మీద మహానంది తన శాస్త్రాన్ని స్థాపించాడు. ప్రతి పళ్లెం అంచున గీసిన గీత ఈశాన్యం వైపే ఉండాలి. ఈశాన్యం దేవుడి మూల కనుక పెద్దదాని బిళ్ల అక్కడ పెట్టాలి. నడిపిది ఆగ్నేయాన, చిన్నది నైరుతిన. డాక్టరుగారు దీన్ని చూసి "పద్ధతి అంటే ఇదీ" అని మెచ్చుకున్నారు. రాహేలమ్మ కూడా పోసిన పళ్లేలను ఆ గీత ప్రకారమే బండ మీద వరుసలు తీర్చి గడ్డకట్టనిచ్చేది.

ఫలితాలు రావడం మొదలుపెట్టాయి. చిన్నదాని గుడి పెద్దది. నడిపిదానిది నడిమిది. పెద్దదాని గుడి అన్నిటికంటే చిన్నది. యాభై నాలుగు పళ్లేలలో ఒక్కటి కూడా ఈ వరుస తప్పలేదు. మనుషులనయితే యాభై నలుగురిని నిలబెట్టి సూర్యుడు ఎటు పొడుస్తాడని అడిగినా ఇద్దరైనా అడ్డం మాట్లాడతారు. అంత ఏకగ్రీవంగా జవాబులు వస్తే, అడిగేటప్పుడు పక్కన కర్ర పట్టుకుని ఎవరు నిలబడ్డారో విచారించవలసి ఉంటుంది. కంబగిరి రెడ్డికి అటువంటి అనుమానం రాలేదు. వారి ఊళ్లో సాక్షులెప్పుడూ ఏకగ్రీవమే.

డాక్టరుగారు పళ్లేన్ని పైనుంచి చూసేవారు. మహానంది వృత్తలేఖిని కాళ్లతో గుడులను కొలిచి పుస్తకంలో ఎక్కించేవాడు. వారిద్దరి పని అయ్యాక పళ్లెం రాహేలమ్మ దగ్గరికి వచ్చేది. క్రిములను చంపే లైసాలు నీళ్లలో ఒక పగలంతా నానబెట్టి, గడ్డను గీకి తీసి, ఆమె కడగాలి. అలా గీకేటప్పుడు మొదటి వారంలోనే ఆమె కనిపెట్టింది. గడ్డ ఒక పక్క గోరుకు మూడింతల మందం, ఎదురు పక్క గోరంత పల్చన. పొయ్యి మీద పెనం ఒరిగితే దోసె ఎట్లా వస్తుందో అట్లా. పల్చనివైపు ఎప్పుడూ చిన్నదాని గుడే. చిన్నదాని బిళ్లలో ఉన్న మందు కిందికి ఇంకే చోటు లేక పక్కలకు పారింది. పెద్దదాని మందేమో మందమంతా తడపలేక అక్కడే ఆగిపోయింది.

ఆమె ఆ మాట మహానందితో ఒకసారి అన్నది.

"అన్నా, ఇది ఒక పక్క మందం ఉండాది, ఒక పక్క ల్యాదు. బండకు వాటం ఉన్నెట్లుండాది."

"నైరుతి ఎత్తు, ఈశాన్యం పల్లం. ఉండాల్సిందే అట్ల. అది శాస్త్రం."

"ఏ శాస్త్రమన్నా, నీదా సారుదా?"

"నీకెందుకమ్మా? పోసేది నీ పని, చూసేది మా పని."

తాత్కాలికపు మనిషి ఖాయమైన మనిషికి రెండోసారి చెప్పదు. రాహేలమ్మ కడగడంలో పడింది.

అరవై పళ్లేలైతే అచ్చులో నిండుగా ఉంటుందని డాక్టరుగారి అభిప్రాయం. యాభై నాలుగు అయ్యాయి. దసరాకు ఊరు పోతూ, మిగిలిన ఆరూ పండుగ లోపల పూర్తి చేయమని మరీ మరీ చెప్పి వెళ్లారు. తొమ్మిదో రోజు ఉదయాన రాహేలమ్మ ఉడికిన మాధ్యమం పట్టుకుని ప్రయోగశాలలోకి వచ్చి చూస్తే, బండ మీద ఒక్క పళ్లెం పెట్టే చోటు లేదు. ఆయుధపూజ. రెండు సూక్ష్మదర్శినులు, త్రాసు, వృత్తలేఖిని, స్పిరిటు దీపం, ఆఖరికి టైపు యంత్రం కూడా పసుపు కుంకుమలతో వరుసగా కొలువుదీరి ఉన్నాయి.

"అన్నా, వీటిని రవ్వంత జరిపితే…"

"రేపు సాయంత్రం దాకా తాకేది ల్యా. దేవుడు కూచున్న్యాడు."

"నా చేతిలో గంజి గడ్డకడతాంటే నేనేం చేసేది?"

"యాడన్నా పెట్టుకోపో."

ఆమె వంటగదికి తిరిగి పోయి, టేకు బల్ల మీది సీసాలన్నీ దించి, తుడిచి, ఆరు పళ్లేలనూ దానిమీద పెట్టి పోసింది. రాజధాని రోజుల్లో కార్యదర్శిగారి సిరాబుడ్డి దొర్లకుండా వడ్రంగి చేత కాళ్ల కింద చెక్కలు పెట్టించి సమం చేయించిన బల్ల అది. ఆ మూడేళ్లలో కర్నూలులో వంకర లేకుండా నిలిచిన సర్కారు వస్తువు బహుశా అదొక్కటే. పళ్లేలు గడ్డకట్టాక మహానంది మంత్రం లాంటి పద్ధతితోనే క్రిములు పూసి, బిళ్లలు పెట్టి, వెచ్చటి పెట్టెలో ఉంచాడు. మరునాటి సాయంత్రం పూజ ముగిశాక తీసి కొలిచాడు. ఇంకొకసారి కొలిచాడు. వృత్తలేఖినికి ఉన్న కుంకుమ తుడిచి మళ్లీ కొలిచాడు.

ఆరు పళ్లేలలోనూ మూడు గుడులూ సమానంగా ఉన్నాయి.

డాక్టరుగారు ఊరినుంచి వచ్చి వంటగది గడప దగ్గర నిలబడ్డారు. తన ఉత్తర్వే తనను లోపలికి పోనివ్వలేదు.

"ఏం రాహేలమ్మా, ఏం చేసినావు?"

"ఎప్పుడూ చేసేదే చేసినా సార్. బండ మీద దేవుడు ఉన్న్యాడని బల్ల మీద పోసినా."

"బల్ల మీద పోస్తే మందు గుణం మారుతుందా?"

"మందు గుణం కాదు సార్. బండకు వాటం ఉండాది. బల్లకు ల్యాదు."

"బండకు వాటమేంది? నేను రోజూ చూస్తాండా. అద్దం మాదిరి నున్నగా ఉండాది."

నున్నదనానికీ సమానానికీ తేడా ఉంటుందని ఒక డాక్టరుగారికి చెప్పడం ఎట్లాగో రాహేలమ్మకు తోచలేదు. ఆయనే మళ్లీ అందుకున్నారు. మాధ్యమం చెడిపోయిందని తేలితే ఆ ఆరింటినీ లెక్కలోంచి తీసేయవచ్చు. చెడిందని తేలాలంటే చేసిన మనిషి ఒప్పుకుని రాసివ్వాలి.

"తప్పు నాదేనని రెండు ముక్కలు రాసియ్యి. ఈ వారంలోనే నీ సిఫారసు పంపిస్తా. రాయకపోతే," అని ఆయన వాక్యాన్ని పూర్తి చేయలేదు. పూర్తి చేయవలసిన అవసరం కూడా లేకపోయింది.

ఆ పూట అన్నం పెట్టుకుని ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఏసేపు సంగతంతా విని, దగ్గు తెరిపిచ్చాక అన్నాడు:

"యాభై నాలుగు వంకరగా పోసినప్పుడు నువ్వు మంచిదానివి. ఆరు సరిగ్గా పోసినాక చెడ్డదానివైతివి. శానా బాగుండాది మీ కచేరి."

"ఎగతాళి కాదు. రాసియ్యకపోతే జనవరి నుంచి ఈ పొయ్యి వెలిగేది ల్యా."

"అయితే రాయి."

"అబద్ధం రాసేదెట్ల? నేను వండింది చెడిపోయిందని నా చేత్తో నేనే రాసేదా? ఇన్ని దినాల్లో ఒక్క కుండ చెడగొట్టినానా నేను?"

ఏసేపు సంగటి ముద్దను పులుసులో అద్దుకున్నాడు. రాహేలమ్మ తల ఎత్తింది.

"ఆయప్ప రాయమనింది తప్పని గదా? వంట చెడిందని రాయమన్లేదు."

"అంటే?"

"ఏం చేసినానో అదే రాస్తా. కింద తప్పని పెడతా. ఎవురు యాడిదాకా చదువుకుంటారో చదువుకోనీ."

రాహేలమ్మ మిషను బడిలో నాలుగో తరగతి దాకా చదివింది. అక్కడ చేతికిచ్చిన పుస్తకం బైబిలొక్కటే గనక, మాట ఎట్లా ఉన్నా రాత మాత్రం ఆ బాణీలోనే వచ్చేది. మరునాడు ఆమె తెచ్చిన కాగితంలో ఇలా ఉంది: "ఆయుధములు బండ మీద ఉన్నందున నేను ఆ దినమున పళ్లెములను బండ మీద పెట్టక బల్ల మీద పెట్టితిని. బండకు ఈశాన్యమునకు వాటము కలదు. బల్లకు వాటము లేదు. బండ మీద పోసినది నైరుతిని పలుచగాను ఈశాన్యమున మందముగాను గట్టిపడును. బల్ల మీద పోసినది అంతటను సమానముగా గట్టిపడెను. అడుగక ఇట్లు చేయుట నా తప్పు."

డాక్టరుగారు పత్రం టైపు చేయిస్తున్న హడావుడిలో ఉన్నారు.

"కింద తప్పని రాసిందా?" అని మహానందిని అడిగారు.

"రాసింది సార్. ఆఖరి మాట అదే."

"చాలు." సంతకం పడింది.

ఆరు పళ్లేలను బండ మీద మళ్లీ పోయించారు. అవి బుద్ధిగా పాత వరుసలోనే నడిచాయి. అరవైకి అరవై. ఇక డాక్టరుగారు ఇచ్చిన మాట తప్పలేదు. రాహేలమ్మను ఖాయం చేయవలసిందని సిఫారసు రాసి, ఉద్యోగి తాలూకు కాగితాలన్నీ జతపరచాలన్న నిబంధన ప్రకారం ఆమె నేరాంగీకారాన్ని కూడా కట్టలో కలిపి హైదరాబాదుకు పంపించారు.

అక్కడ ఆ కట్ట హమీదుద్దీన్ సాహెబ్ అనే వృద్ధ అధికారి బల్ల మీదికి చేరింది. ఆయనకు ఒక దురలవాటు ఉండేది. కాగితాన్ని పై నుంచి చదివేవారు. కింది దాకా చదివేవారు. ఆ అలవాటు వల్లనే ఆయనకు రావలసిన పదవులు రాలేదని చెప్పుకునేవారు. సభ జరగడానికి మూడు వారాల ముందు, తనిఖీ పేరుతో ఆయన కర్నూలులో రైలు దిగారు. పూలదండ తీసి పక్కన పెట్టి, రిజిస్టర్లు చూపబోయిన మహానందిని చేత్తో వారించి అడిగారు:

"రాహేలమ్మ ఎవరు?"

రాహేలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. డిసెంబరు ముప్పై ఒకటి ఆ పూటే వచ్చేసిందనుకుంది.

"నేనే సార్."

"ఈ కాగితం నువ్వే రాసినవా అమ్మా?"

"రాసినా సార్. తప్పు నాదే."

"తప్పు సంగతి తర్వాత చూద్దాం. వాటం అంటే ఏంది? నాకు ఆ మాట తెల్వది."

ఆమె డాక్టరుగారి వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూశారు. మాటల్లో చెప్పడంకంటే చూపించడం మేలనిపించి, ఆమె కుండలో గరిటె ముంచి బండ నడుమ నీళ్లు పోసింది. నీళ్లు ఒక క్షణం ఆగి, తమ ఊరు గుర్తొచ్చినట్టు బయల్దేరి, సన్నని తీగలా సాగి ఈశాన్యపు మూలన బొక్కెనలోకి దిగిపోయాయి. ఆ బొక్కెన వాస్తు కోసం పెట్టిందని అందరూ ఇన్ని నెలలుగా అనుకుంటున్నారు.

"కడుక్కునేదానికి సౌకర్యంగా ఉంటుందని," అన్నారు డాక్టరుగారు.

"బహుత్ అచ్ఛా. డాక్టర్ సాబ్, మీ అరవై పళ్లేలల్ల గెలిచింది ఏ మందు?"

"చిన్నది… టెట్రాసైక్లిన్ సార్."

"కాదు. నైరుతి గెలిచింది."

ఆ మాటతో ఊరుకోలేదాయన. ఒకే మందును, అదీ ఓడిపోయిన పెద్దదాన్నే, మూడు బిళ్లలకూ పట్టించి బండ మీద పోసిన పళ్లెంలో మూడు మూలలా పెట్టించారు. మరునాడు పెట్టె తెరిచి చూస్తే నైరుతిన ఉన్న పెద్దది పెద్ద గుడి కట్టింది, ఆగ్నేయాన ఉన్న పెద్దది నడిమి గుడి, ఈశాన్యాన ఉన్న పెద్దది చిన్న గుడి. తనతో తానే పోటీ పడి తన చేతిలో తానే ఓడిపోయింది. మహానంది వృత్తలేఖినిని జేబులో పెట్టుకుని, ఆ పూట కొలిచే పని లేదన్నట్టు బయటికి పోయాడు.

సుంకప్పకు కబురు పోయింది. బండకు వాటం ఎందుకిచ్చావని డాక్టరుగారు గర్జించేసరికి అతనికి నిజంగానే కోపం వచ్చింది.

"ఏం సారూ, వాటం ల్యాకుండా బండ పరిచేదానికి నేనేమన్నా ఎర్రోన్నా? ముప్పై ఏండ్లాయ ఈ పనిలో. నా బండ మీద నీళ్లు నిల్చినాయని ఒక్క ఆడమనిషి తిట్టనియ్యి, ఉలి పారేస్తా!"

"ఇది వంటిల్లు కాదప్పా, ప్రయోగశాల!"

"నీళ్లు పోస్తారా ల్యాదా?"

"పోస్తాం."

"పోస్తే పారొద్దా? ఏమ్మా వొదినా, నువ్వన్నా చెప్పు!"

రాహేలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హమీదుద్దీన్ సాహెబ్ మాత్రం సుంకప్ప మాటను శ్రద్ధగా విని, ఈ కేంద్రంలో తన పని తనకు తెలిసినవాళ్లు ఇద్దరున్నారని, ఇద్దరూ ఖాయపు ఉద్యోగులు కారని ఉర్దూలో ఏదో గొణుక్కున్నారు. డాక్టరుగారికి ఉర్దూ బాగానే వచ్చు. కానీ ఆ నిమిషాన మరచిపోయారు.

వారంలో సుంకప్ప మనసు చంపుకుని బండను లేపి, పాదరసపు బొట్టు కూడా కదలనంత సమంగా మళ్లీ కూర్చాడు. దానిమీద పోసిన పళ్లేలలో ముగ్గురు అక్కచెల్లెళ్లూ ఒకే కొలత గుడులు కట్టారు. అచ్చయిన సారాంశాన్ని వెనక్కి తీసుకోవడానికి వీలు లేకపోయింది. డాక్టర్ కంబగిరి రెడ్డి సభలో వేరే పత్రం చదివారు. మాధ్యమపు మందం వల్ల నిరోధ వలయాల కొలతలు ఎంత తప్పుదారి పట్టగలవో తాము సుదీర్ఘమైన, నిశితమైన పరిశీలనతో ఏ విధంగా కనుగొన్నదీ అందులో వివరించారు. వ్యాజ్యం ఓడని వంశం. చప్పట్లు బాగా పడ్డాయని మహానంది వచ్చి చెప్పాడు. పత్రం చివర కృతజ్ఞతల్లో ముగ్గురి పేర్లున్నాయి. వారిలో ఒకరు రైల్వే రిజర్వేషను చేయించిన గుమాస్తా. రాహేలమ్మ పేరు లేదు.

ఆమె ఉత్తర్వు డిసెంబరు ఇరవై తొమ్మిదిన వచ్చింది. ఇంగ్లీషులో ఉన్నందున మహానంది చదివి వినిపించాడు. రెండు కాగితాలు. మొదటిదాని ప్రకారం శ్రీమతి రాహేలమ్మను ఈ తేదీ నుంచి ఖాయపు ఉద్యోగిగా పరిగణిస్తారు. రెండోదాని ప్రకారం, అనుమతి లేకుండా మాధ్యమాన్ని బండకు బదులు బల్ల మీద పోసినట్టు ఆమె స్వయంగా ఒప్పుకున్నందువల్ల, ఆమె సర్వీసు పుస్తకంలో మందలింపు నమోదు చేస్తారు. హమీదుద్దీన్ సాహెబ్ అడ్డం రాసినా, తప్పు అన్న మాట దస్త్రంలో ఒకసారి పడ్డాక తీసివేసే పద్ధతి ఏ నిబంధనలోనూ లేదట.

"ఇంగోసారి సదువన్నా," అంది రాహేలమ్మ.

"మందలింపా?"

"ముందరిది."

అతను చదివాడు. ఆమె రెండు కాగితాలనూ మడిచి రవికలో దోపుకుంది. ఇంటికి పోయి చెబితే ఏసేపు నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తెరిపిచ్చాక కూడా నవ్వుతూనే ఉన్నాడు.

"ఆ తప్పేందో అదే ఖాయం చేసింది గదమ్మే నిన్ను. దాన్ని పటం కట్టిచ్చు."

జనవరి మొదటి తేదీ పొద్దున రాహేలమ్మ పళ్లేలు పోయడానికి ముందు, ఇప్పుడు అలవాటైన ప్రకారం, గరిటెడు నీళ్లు బండ మీద పోసింది. అవి ఎటూ పోలేదు. నల్లటి బండ మీద గుండ్రంగా, ఎటు పోవాలో ఎవరూ చెప్పనట్టు నిలబడిపోయాయి. ఆమె తృప్తిగా తల పంకించి, మూలన ఉన్న బొక్కెన వైపు అలవాటు కొద్దీ చూసింది. అది ఎండిపోయి ఉంది. ఇక మీదట ఈ బండ మీద ఏది ఒలికినా దానంతట అది పోదు. పూటకు పదిసార్లు గుడ్డతో తుడిచి పిండవలసిందే.

పళ్లేలు పోసే వేళ గనక మహానంది గడప బయటే నిలబడి అడిగాడు: "సమంగా ఉండాదా రాహేలమ్మా?"

"శానా సమంగా ఉండాది," అని ఆమె నడుము వంచి తుడవడం మొదలుపెట్టింది.